బుల్లెమ్మ పరుపు

కాస్త అటు జరుగు తల్లీ. దిండులో సగం నాకివ్వు. ఆఁ, అలా. కథ చెప్తాను గానీ ఒక షరతు. నువ్వు ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ కొట్టకపోతే నేనెక్కడిదాకా చెప్పానో నాకు గుర్తుండదు. మొన్న రాజుగారి కథ ఏనుగు దగ్గర ఆగిపోయింది చూడు, ఆ ఏనుగు ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది పాపం. ఈ కథ మాత్రం చివరిదాకా జాగ్రత్తగా తీసుకెళ్దాం.

అనగా అనగనగా, గోదారి రెండు పాయలుగా చీలిన చోట, నడిమధ్యన ఉన్న ఒక లంక ఊళ్ళో బుల్లెమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పూతరేకులు చేసేది.

పూతరేకు ఎలా చేస్తారో తెలుసా? పెద్ద కుండని పొయ్యి మీద బోర్లిస్తారు. కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి పరుస్తారు. గుడ్డ లాగేసరికి కుండకి రేకు అంటుకుని ఉంటుంది. దాన్ని రెండు చేతులతో చిరక్కుండా తియ్యాలి. అదీ విద్య. బుల్లెమ్మ తీసిన రేకుని మొహానికి అడ్డం పెట్టుకుంటే అవతల పడవ, పడవలో మనిషి, మనిషి తలపాగా కూడా కనిపించేవట.

ఆ కుండ బుల్లెమ్మకి అత్తగారిచ్చింది. అత్తగారికి వాళ్ళ అత్తగారిచ్చింది. నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ఇస్తూ ఇస్తూ అత్తగారొక కట్టుబాటు కూడా పెట్టింది. వరసగా మూడు రేకులు చిరిగితే ఆ పూటకి కుండ దించెయ్యాలి. ఒకే నెలలో మూడు మార్లు కుండ దిగిందంటే, ఇక ఆ చేతికి ఆ కుండ లేదు. తోటికోడలికి ఇచ్చెయ్యాల్సిందే.

తోటికోడలి పేరు సూరమ్మ. పక్కిల్లే. మంచిదే, కానీ నోరు కొంచెం చురుకు.

ఇన్నేళ్ళలో బుల్లెమ్మ చేతిలో వరసగా మూడు రేకులు ఎప్పుడూ చిరగలేదు. కుండ ఎప్పుడూ దిగలేదు.

అలాంటి బుల్లెమ్మకి ఒక ఏడాది నిద్ర పోయింది. నిద్రపోవడం కాదు తల్లీ, నిద్రే ఆవిణ్ణి వదిలిపోయింది. ఎందుకంటే వాళ్ళ పరుపు ఎప్పటిదో, పెళ్ళినాటిది. లోపల దూది వడియాల్లా గడ్డలు కట్టింది. నడిమధ్యన గుంట పడింది. బుల్లెమ్మ ఈ అంచున పడుకునేది, మొగుడు ఏడుకొండలు ఆ అంచున పడుకునేవాడు. కాసేపటికి ఇద్దరూ దొర్లుకుంటూ వచ్చి గుంటలో ఢీకొనేవాళ్ళు. మళ్ళీ అంచులకి ఎక్కేవాళ్ళు. మళ్ళీ దొర్లేవాళ్ళు. తెల్లవార్లూ ఇదే పని.

నిద్ర లేకపోయేసరికి బుల్లెమ్మకి మరుపు మొదలైంది.

మొదట ఒకరోజు రేకుల్లో పంచదార పొడి బదులు ఉప్పు చల్లింది. తిన్నవాళ్ళు మర్యాదస్థులు కాబట్టి మింగేశారు.

ఆ తర్వాత తాళంచెవి ఎక్కడో పెట్టింది. ఇల్లంతా వెతికారు, దొరకలేదు. గొళ్ళానికి తాడు కట్టి రోజులు నెట్టారు.

ఆ తర్వాత జరిగిందే పెద్దది. బుల్లెమ్మకి ఒక మనవరాలు ఉండేది, నీ అంతే. పేరు పండు. వాళ్ళకొక మేక కూడా ఉండేది, దాని పేరు లచ్చి. ఒక పొద్దున్న బుల్లెమ్మ వంటింట్లోంచి, "లచ్చీ, అన్నానికి రా అమ్మా" అని పిలిచింది. మేక పరిగెత్తుకుంటూ వచ్చింది. పండు రాలేదు. గుమ్మం పక్కన నిలబడి మూతి బిగించుకుని చూస్తోంది.

"నేను పండుని అమ్మమ్మా," అంది పిల్ల.

బుల్లెమ్మ నవ్వేసింది గానీ, గుండెలో రాయి పడింది. పేర్లే జారిపోతే ఇక మిగిలేదేముంది? ఆ భయం ఎవరికీ చెప్పుకునేది కాదు. నడుస్తూ నడుస్తూ లోలోపల పండు, పండు, పండు అని వల్లె వేసుకునేది.

ఊఁ కొట్టు. ఆఁ.

అప్పుడు ఒకనాటి పొద్దున్న రేకులకి కూర్చుంది. మొదటి రేకు తీస్తుంటే ఆవులింత వచ్చింది, రేకు చిరిగింది. రెండో రేకు తీస్తుంటే చెయ్యి జారింది, చిరిగింది. మూడోది తీసేటప్పుడు కళ్ళు మూతలు పడ్డాయి, అదీ చిరిగింది. మాట ప్రకారం బుల్లెమ్మ కుండ దించేసింది. అది మొదటి మారు.

గోడ అవతలి నుంచి సూరమ్మ తొంగి చూసి, "కుండ బరువెక్కినట్టుంది అక్కా, మా పెరట్లో చోటు బోలెడు" అంది. బుల్లెమ్మకి ఒళ్ళు మండింది.

ఏడుకొండలు ఆలోచించి, పాడైంది చెయ్యి కాదు, పరుపని తేల్చాడు. సరేనని మర్నాడు ఇద్దరూ పడవెక్కి రేవు అవతల బజారుకి వెళ్ళారు.

ఆ బజార్లో మస్తానమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. దూది ఏకేవాళ్ళ ఇంటి మనిషి. పైకప్పు నుంచి ఒక పెద్ద విల్లు వేలాడదీసి, దాని నారిని చిన్న కొయ్యతో టంయ్ టంయ్‌మని కొడుతుంటే దూది మేఘాల్లా లేచి పడేది. ఆవిడ కనుబొమలు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి. వయసు వల్లో, దూది వల్లో ఎవరికీ తెలీదు.

మస్తానమ్మ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పరుపు కొనేవాళ్ళు ముందు దాని మీద పడుకోవాలి. ఎంతసేపు? ఒక ఎసరు అన్నం ఉడికేంతసేపు. ఆ మాట వినగానే బుల్లెమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నడిబజార్లో, అందరూ చూస్తుండగా, ఆడమనిషి కాళ్ళు చాపుకుని పడుకోవడమా? ఆ అవసరం లేదనీ, తన వేళ్ళు చాలనీ చెప్పింది. రేకుల మనిషి కదా, వేళ్ళ మీద అంత నమ్మకం. పల్చన, చిక్కన, వేడి, తడి, అన్నీ వేలికొసలతోనే తేల్చేది.

"పడుకోని పరుపుకి నా పూచీ లేదమ్మాయ్. నచ్చకపోతే వెనక్కి పట్టుకురా, మారుస్తాను," అంది మస్తానమ్మ. అని మళ్ళీ విల్లు అందుకుంది.

బుల్లెమ్మ వేలికొసలతో పరుపులన్నీ తడిమింది. అన్నిట్లోకీ మెత్తనిది, ఒట్టి బూరుగుదూదితో నింపింది, వేళ్ళకి వెన్నలా తగిలింది. అదే పట్టుకొచ్చారు.

ఆ రాత్రి ఇద్దరూ దాని మీద వాలారు. వాలడం ఏమిటి, మునిగారు. బుల్లెమ్మ ఇటు తిరుగుదామంటే పట్టు దొరకదు, అటు తిరుగుదామంటే ఆధారం లేదు. పిండిలో పడ్డ చీమలా ఈదింది. ఏడుకొండలుకి ముక్కు ఒక్కటే పైకి కనిపిస్తోంది. తెల్లారేసరికి బుల్లెమ్మ నడుము విల్లులా వంగిపోయింది.

ఆ పొద్దున్న మళ్ళీ మూడు రేకులూ చిరిగాయి. కుండ రెండో మారు దిగింది.

ఈసారి సూరమ్మ ఊరికే రాలేదు. కొత్త గడ్డితో గుండ్రంగా ఒక కుదురు అల్లుకుని తెచ్చి చూపించింది. కుండ తమ ఇంటికొస్తే దొర్లిపోకుండా దాని కిందకట. బుల్లెమ్మ దానికేసి చూడనట్టే చూసింది. అల్లిక బాగుంది కూడానూ. అదింకా కడుపుమంట.

ఇప్పుడు ఎక్కడున్నాం? ఆఁ, రెండో మారు.

మళ్ళీ పడవెక్కారు. పరుపు నెత్తిన పెట్టుకుని ఏడుకొండలు, వెనకాల బుల్లెమ్మ. మస్తానమ్మ పడుకుని చూడమంది, అంతే. బుల్లెమ్మ ఈసారీ ఒప్పుకోలేదు. మెత్తనిది ముంచింది కాబట్టి గట్టిదే మంచిదని తనే తేల్చుకుంది. గట్టి పరుపు నడుముకి మంచిదని పడవలో ఎవరో అన్నారు కూడా. కొత్త కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి, మోత విని ఎంచుతాం చూడు, అలాగే ఒక్కో పరుపునీ ఠకఠకా కొట్టి చూసింది. అన్నిట్లోకీ గట్టిది, కొబ్బరిపీచు కూరి కూరి నింపింది, తలుపులా మోగింది. అదే పట్టుకొచ్చారు.

ఆ రాత్రి మునగలేదు. కానీ కుడి పక్కకి తిరిగితే భుజం నొక్కుకుంది. ఎడమకి తిరిగితే తుంటి నొక్కుకుంది. వెల్లకిలా పడుకుంటే నడుము కింద ఖాళీ మిగిలి, వీపు గాల్లో వేలాడినట్టుంది. ఏడుకొండలు సగం రాత్రికి చాప తీసుకుని అరుగు మీదకి పోయాడు. అరుగే మెత్తగా ఉందన్నాడు.

పొద్దున్న మొదటి రేకు చిరిగింది. రెండోదీ చిరిగింది.

మూడో రేకుకి గుడ్డ జావలో ముంచి, బుల్లెమ్మ ఆగిపోయింది. ఇదొక్కటీ చిరిగితే మూడో మారు. కుండ వెళ్ళిపోతుంది. మెల్లిగా గుడ్డ పిండేసి, పొయ్యిలో మంట ఆర్పేసింది.

కానీ ఎన్నాళ్ళని ఆర్పుతుంది? మర్నాడు ఊళ్ళో తీర్థం, జాతరన్నమాట. తీర్థం పొద్దున్న ఊరందరి కంటే ముందు ఆ కుండ మీదే రేకు తీయాలి, అదీ వాళ్ళ ఊరి ఆనవాయితీ. అప్పుడు బుల్లెమ్మ చేతులు తుడుచుకుని లేచి మొగుడి దగ్గరికెళ్ళింది.

"పడవ కట్టించు. సిగ్గు ఇక్కడ వదిలేసి వస్తున్నాను," అంది.

ఈ కబురు పడవ కంటే ముందే అవతలి ఒడ్డు చేరింది. వాళ్ళు వెళ్ళేసరికి దుకాణం ముందు తమలపాకులమ్మే వాళ్ళు, ఉల్లిపాయలమ్మే వీరన్న, దారినపోయేవాళ్ళు, అంతా మూగి ఉన్నారు. సూరమ్మ కూడా వెనక పడవలో దిగింది. ఏదో పనుందట.

మస్తానమ్మ విల్లు పక్కన పెట్టి మొదటి ప్రశ్న అడిగింది. "నువ్వెలా పడుకుంటావమ్మాయ్?"

బుల్లెమ్మకి తెలీలేదు. నిద్రలో ఎలా ఉంటామో ఎవరికి తెలుస్తుంది తల్లీ? అందరూ నవ్వారు.

"కుడి పక్కకి తిరిగి, చెయ్యి దవడ కింద పెట్టుకుని, మోకాళ్ళు కొంచెం ముడుచుకుని," అన్నాడు ఏడుకొండలు నేల చూపులు చూస్తూ. ఇన్నేళ్ళ నుంచీ గమనించి ఉన్నాడు కదా. బుల్లెమ్మ మొహం ఎర్రబడింది. అప్పుడెవ్వరూ నవ్వలేదు.

మస్తానమ్మ తల ఊపి ముందు బూరుగుదూది పరుపు వేసి, బుల్లెమ్మని పక్కకి తిరిగి పడుకోమంది. నడుము కింద తన అరచెయ్యి దూర్చబోయింది. దూరలేదు. పరుపు మనిషిని మింగేసింది.

తర్వాత పీచు పరుపు వేసింది. నడుము కింద చెయ్యి దూరడం కాదు, పిల్లి దూరేంత సందుంది. పరుపు మనిషిని పట్టుకోనేలేదు.

అప్పుడు ముసలమ్మ లోపలికెళ్ళి మూడో పరుపు తెచ్చింది. కింద ఒత్తుగా దట్టించిన పత్తి, పైన ఒక్క బెత్తెడు బూరుగుదూది. చూడ్డానికి ఏ గొప్పా లేదు. వేలితో తడిమితే వెన్నలా లేదు, కణుపుతో కొడితే మోగలేదు. బుల్లెమ్మ వేళ్ళైతే దాన్ని ఎప్పటికీ ఎంచేవి కావు. కానీ పక్కకి వాలగానే భుజం దిగాల్సినంత దిగింది, తుంటి దిగాల్సినంత దిగింది, నడుముకి కింద నుంచి ఎవరో చెయ్యి ఆనించినట్టయింది. మస్తానమ్మ అరచెయ్యి కుండ మీద గుడ్డ జారినట్టు, తేలిగ్గా, నిండుగా, సరిగ్గా దూరింది.

"రేకుని వేళ్ళు ఎంచుతాయి. పరుపుని వీపు ఎంచాలి. ఇక పడుకో, అన్నం ఉడికేదాకా," అంది మస్తానమ్మ. నిజంగానే పొయ్యి మీద ఎసరు పెట్టింది.

బుల్లెమ్మ సిగ్గుతో మొహం మీద చెంగు కప్పుకుంది. కళ్ళు మూసుకుని పడుకున్నట్టు నటిద్దామనుకుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంది. నాలుగు అనలేదు.

అన్నం ఉడికింది. బుల్లెమ్మ లేవలేదు. అన్నం తిన్నారు. బుల్లెమ్మ లేవలేదు. గిన్నెలు కూడా కడిగేశారు. చెంగు కింద నుంచి సన్నగా గురక, కుండలో పాలు పొంగుతున్నట్టు.

అప్పుడా బజారు చూడాల్సింది. వీరన్న ఉల్లిపాయలు, ఉల్లిపాయలు అని గుసగుసగా అరిచాడు. తమలపాకుల వాళ్ళు బేరాలు సైగలతో ఆడారు. మస్తానమ్మ, ఏ రోజూ ఆగని మస్తానమ్మ, ఆ సాయంత్రం విల్లు ముట్టుకోలేదు.

చివరి పడవ వచ్చేసింది. లేపుదామని ఏడుకొండలు చెయ్యి చాపాడు గానీ మనసొప్పలేదు. అప్పుడు పరుపుతో సహా ఎత్తుకున్నారు. ఒక మూల ఏడుకొండలు, ఒక మూల వీరన్న, ఒక మూల పడవవాడు. నాలుగో మూలకి మనిషి లేడు. అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

సూరమ్మ కొంగు బిగించి ఆ మూల పట్టుకుంది. "నా వైపే బరువంతా," అని సణిగింది గానీ, మూల కిందకి జారనివ్వలేదు.

అమ్మవారి పల్లకీలా బుల్లెమ్మ పడవెక్కింది. గోదారి దాటింది. రేవు దిగింది. ఇంటికొచ్చి మంచమెక్కింది. ఏ ఒక్కటీ ఆవిడకి తెలీదు. ఎదురొచ్చిన వాళ్ళు ఆవిడ గాజులు కదలడం చూసి ఊపిరి పీల్చుకున్నారు గానీ, లేకపోతే ఏమైందోనని కంగారు పడేవాళ్ళే.

మర్నాడు తీర్థం. తొలి కోడి కూసింది. బుల్లెమ్మ కళ్ళింకా పూర్తిగా తెరవలేదు, అప్పుడే నోటి నుంచి మాట వచ్చింది.

"పండూ, లచ్చిని మేతకి విప్పమ్మా."

గడప దగ్గర పిల్ల ఆగిపోయింది. మేక మేకగా, పిల్ల పిల్లగా, ఎవరి పేరు వాళ్ళకి వచ్చేసింది. పండు పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ మీద పడింది. బుల్లెమ్మ దాని జుట్టు నిమురుతూ, పండు, పండు అని ఊరికే అంటూ ఉండిపోయింది. ఈసారి వల్లె వేసుకోవడానికి కాదు, రుచి కోసం.

అన్నట్టు తాళంచెవి సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆవకాయ జాడీలో ఉంది. ఎర్రగా ఊరి ఉంది.

ఆ తర్వాత బుల్లెమ్మ స్నానం చేసి పొయ్యి దగ్గర కూర్చుంది. ఊరంతా వాకిట్లో ఉంది. మంట పెట్టింది, కుండ కాలింది, గుడ్డ పరిచి లాగింది. మొదటి రేకు తీసింది. చిరగలేదు. రెండో రేకు తీసింది. చిరగలేదు. మూడో రేకు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. అందులోంచి గోదారి కనిపించింది, పడవ కనిపించింది, పక్కన నవ్వుతున్న పండు కనిపించింది. పండు పళ్ళలో ఊడిన పన్ను చోటు కూడా కనిపించింది.

మూడు రేకుల్లోనూ నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడిచింది. చల్లే ముందు నాలిక మీద వేసుకుని చూసుకుందిలే. మొదటిది దేవుడికి పెట్టి పండుకిచ్చింది. రెండోది మస్తానమ్మకి పడవ మీద పంపింది. మూడోది గోడ దగ్గరికెళ్ళి సూరమ్మకిచ్చింది. ఇచ్చి, ఆ కుదురేదీ, ఇటిమ్మంది. రోజూ పని అయ్యాక తమ కుండని దాని మీదే దించుకుంటానంది.

సూరమ్మ రేకు నోట్లో వేసుకుంది. అది కరిగిపోయింది. తర్వాత నెమ్మదిగా, "కుండ నీ దగ్గరే ఉండనీ అక్కా. ఆ పరుపు మీద నన్నొక్కసారి పడుకోనిస్తావా? మూల మోసిన దగ్గర్నించీ భుజం లాగేస్తోంది," అంది.

బుల్లెమ్మ నవ్వింది. తన పరుపుని తన వీపు ఎంచిందనీ, సూరమ్మకి కావాల్సింది సూరమ్మ వీపునే అడగాలనీ చెప్పింది. తీర్థం అయిన మర్నాడే ఇద్దరూ పడవెక్కారు. సూరమ్మ బోర్లా పడుకునే మనిషని ఊరికి అప్పుడే తెలిసింది.

అప్పటి నుంచి ఆ బజార్లో ఏ మధ్యాహ్నం చూసినా ఎవరో ఒకరు పడుకునే ఉండేవాళ్ళట. నెలకోసారి లంక ఊళ్ళో పరుపులన్నీ ఎండకెక్కేవట, తల వైపు కాళ్ళ వైపుకి తిరిగేవట. మస్తానమ్మ చెప్పిన పద్ధతి అది. బుల్లెమ్మ చివరిదాకా ఎవరి పేరూ మరచిపోలేదు.

మేకదేమో... మేక పేరేమిటి? ఉండు, నువ్వు చెప్పకు. లచ్చి. చూశావా, గుర్తుంది.

ఊఁ కొట్టడం మానేశావే. కుడి పక్కకి తిరిగి, చెయ్యి దవడ కింద పెట్టుకుని... సరే సరే. కథ చివరిదాకా వచ్చింది, ఏనుగులా మధ్యలో నిలబడిపోలేదు. ఈ చివరి ముక్క చెవిలో చెప్తాను, కలలో దాచుకో.

మెత్త పరుపు ముంచింది,
గట్టి పరుపు గుచ్చింది,
వీపు మెచ్చిన పరుపే
ఒళ్ళో వేసి ఊచింది.
కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమిద్దరం మంచానికి.